పద్నాలుగో మెట్టు మీద అరుంధతి

సోమవారం

ఈ రోజు ఆకాశం బాగుంది. వేసింది నేనే కాబట్టి బాగుందని నేనే అనాలి, ఇంకెవరూ అనరు. తెల్లవారుజామున ఎరుపు ఎక్కువైందని క్యాంటీన్ వాళ్ళు ఫోన్ చేశారు, తగ్గించాను. బడిలో పిల్లలకు వాన పాఠం ఉందని, కాసేపు మబ్బు కావాలని టీచరమ్మ అడిగింది, ఇచ్చాను. ఆ వెంటనే లాండ్రీ సెక్షన్ నుంచి తిట్లు. మబ్బు పడితే బట్టలు ఆరవట. బట్టలు ఆరేది వేడిగాలి గొట్టంవల్ల, నేను ప్రొజెక్టర్‌తో గని కప్పు మీద వేసే ఎండవల్ల కాదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఎండ ఉత్త బొమ్మేనని వాళ్ళకూ తెలుసు. అయినా వెతుక్కుంటూ వెళ్ళి ఆ బొమ్మ ఎండ కిందనే దండెం కడతారు.

సాయంత్రం పెళ్ళి. మా ఏడింక్లైన్‌లో పెళ్ళికి పెద్ద తతంగం ఉండదు. పైన ఎండకు తాళలేక మా తాతలు ఈ పాత ఏడో నంబరు బొగ్గుగనిలోకి దిగిన కొత్తలో, పెళ్ళిళ్ళు ఏ పద్ధతిలో చెయ్యాలని కమిటీవాళ్ళు నెలల తరబడి కొట్టుకున్నారట. ఒకరు తాళి వద్దన్నారు, ఒకరు ఉంగరం వద్దన్నారు, ఇంకొకరు మంత్రాలు వద్దన్నారు. చివరికి ఎవరికీ పేచీ లేనిది చుక్క ఒక్కటే మిగిలింది. జంట మైదానంలో నిలబడి తలెత్తి చూడాలి. రిజిస్ట్రార్ అరుంధతి కనబడిందా అని అడగాలి. ఇద్దరూ కనబడిందంటే పెళ్ళయిపోయినట్టే, జంటగది తాళంచెవి చేతిలో పెడతారు. సప్తర్షుల తోకలో వసిష్ఠుడి పక్కనుండే ఆ సన్నటి చుక్కను కప్పు మీద చూపించడం మా ఆకాశం సెక్షన్ పని. సెక్షన్ అంటే నేనే. ఇంకెవరూ లేరు.

పెళ్ళికొడుకు రంజిత్, నీళ్ళ ట్రాలీ డ్రైవర్. పెళ్ళికూతురు స్పందన, గనిలో విషవాయువు కనిపెట్టే గాలి మీటర్ల దగ్గర పని చేస్తుంది. రిజిస్ట్రార్ దామోదర్ రావు సార్ అడగడమే ఆలస్యం, రంజిత్ తల సగం ఎత్తి "కనబడ్డది సార్" అనేశాడు. స్పందన మాత్రం చూస్తూనే ఉంది. వెనక ఎవరో దగ్గారు. ఫోటోల ఐలయ్య కెమెరా పట్టుకుని కాళ్ళు మార్చుకున్నాడు.

"నాకు కనవడలే సార్," అంది స్పందన.

"సరిగ చూడు తల్లీ," అన్నారు సార్.

"సరిగనే చూసిన. వసిష్ఠుడున్నడు. పక్కన ఏం లేదు."

"కనబడ్డదను, అయిపోతది. అందరు అన్నరు."

"లేనిదాన్ని ఉన్నదని ఎట్ల అంట సార్?"

నలభై ఏళ్ళుగా ఏడింక్లైన్‌లో ఎవరూ అనని మాట అది. రంజిత్ తల్లి భాగ్యమ్మ నెత్తి పట్టుకుని కూలబడింది. అరుంధతి కనబడనివాళ్ళు ఆరునెలల్లో పోతారని ఆమె భయం. పెళ్ళి ఆగింది. వండిన బగారన్నం మాత్రం ఆగలేదు, అందరూ కూర్చుని తిన్నారు.

మంగళవారం

స్పందన డ్యూటీ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"పుష్పక్కా, చుక్క వేసినవా నిన్న?"

కంప్యూటర్ తెరిచి చూపించాను. మా ప్రొజెక్టర్‌కు చీకటి నుంచి వెలుగుదాకా మెట్లుంటాయి. సున్నా అంటే నలుపు, రెండొందల యాభై అయిదు అంటే మధ్యాహ్నపు సూర్యుడు. రాత్రి ఆకాశం ఆరో మెట్టు. అరుంధతి పద్నాలుగో మెట్టు. ఉండాల్సిన చోటే ఉంది.

"ఇందుల ఉంది అక్కా. కప్పు మీద ఉందా?"

నాకు ఒళ్ళు మండింది. పదకొండేళ్ళుగా ఆకాశం నడుపుతున్నదాన్ని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నా అది?

అసలు సంగతి అప్పుడు చెప్పింది. చుక్క కనబడనివాళ్ళకు చూపు తక్కువని కదా లెక్క, చూపు తక్కువైన మనిషి గాలి మీటర్లు ఎలా చదువుతుందని దామోదర్ రావు సార్ అడిగారట. శనివారం సాయంత్రం మళ్ళీ మైదానానికి రమ్మన్నారు. అప్పుడూ కనబడలేదంటే పెళ్ళి రద్దు, ఆమెను లాండ్రీకి మారుస్తారు. కనబడిందంటే అన్నీ ఉంటాయి, మొగుడూ ఉంటాడు, గదీ ఉంటుంది, ఉద్యోగమూ ఉంటుంది.

"అనరాదే ఒక్క మాట," అన్నాను. నిజంగానే అన్నాను.

"మా నాయిన ఎట్ల పోయిండో నీకు తెలుసు గదా."

తెలుసు. ఆ రోజు డ్యూటీలో ఉన్న మనిషి మీటర్ దగ్గరికి వెళ్ళకుండానే గాలి బాగుందని రాశాడు. రోజూ బాగుంటుంది కాబట్టి ఆ రోజూ బాగుంటుందనుకున్నాడు. ఆ పోస్టులోనే ఇప్పుడు ఈ పిల్ల పని చేస్తోంది.

"రంజిత్ ఏమంటుండు?"

"అనుమంటుండు. ఆయనకు కనవడ్డదట. నిజంగ కనవడ్డదో, ఉత్తగనే అన్నడో తెలుస్తలేదు. గదే రంది నాకు."

ఆమె వెళ్ళాక దామోదర్ రావు సార్ ఫోన్. ఆకాశంలో లోపమేమీ లేదని ఒక ముక్క రాసి పంపమన్నారు. కొలిచి రాస్తానన్నాను. కొలవడం ఎందుకు, రాస్తే చాలన్నారు.

బుధవారం

కొలుస్తానని గొప్పగా అనేశాను కానీ దేనితో కొలవాలి? వెలుగు కొలిచే మీటర్ పోయి చాలా కాలమైంది. కొత్తది కావాలని పెట్టిన అర్జీకి జవాబు కూడా వచ్చింది, అర్జీ అందిందని. ఇక మిగిలింది ఐలయ్య కెమెరా. పెళ్ళిళ్ళకూ పుట్టినరోజులకూ ఫోటోలు తీసే మామూలు డిజిటల్ కెమెరా, బెల్టు తెగితే చీర అంచు కట్టుకున్నాడు. కప్పు మీద ఒక్కో మెట్టు చొప్పున బూడిదరంగు చదరాలు వేసి, ఒక్కోదాన్నీ ఫోటో తీసి, ఫోటోలో ఎంత వెలుగు పడిందో చూస్తే ప్రొజెక్టర్ బండారం బయటపడుతుంది. మీటర్ చేసేదీ ఇదే, కాకపోతే కాస్త ఖరీదుగా చేస్తుంది.

దీనికి ఊరంతా చీకటి కావాలి. మధ్యాహ్నం రెండు గంటలపాటు ఆకాశం ఉండదని మైకులో చెప్పించాను. చెప్పినా లాభం లేకపోయింది. కోళ్ళు గూట్లోకి వెళ్ళిపోయాయి. క్యాంటీన్‌లో రాత్రి భోజనం పెట్టమని గొడవ. లాండ్రీవాళ్ళ సంగతి రాయను.

ఐలయ్య స్టాండు వేసి క్లిక్కుమనిపించాడు. ఫోటోలు చూసి ఆశ్చర్యపోయాను. ముప్ఫయ్యో మెట్టు, ఇరవయ్యో మెట్టు, పదో మెట్టు, అన్నీ ఒకే వెలుగులో ఉన్నాయి, చూడముచ్చటగా. ఎక్కడా చీకటన్నదే లేదు. ఆకాశం దివ్యంగా ఉందని ఉత్తరం సగం రాసేశాను కూడా. అప్పుడు అనుమానం వచ్చి, చివరగా మూత పెట్టి ఒక ఫోటో తియ్యమన్నాను. కటిక చీకటి రావాలి. అది కూడా బూడిదరంగులోనే వచ్చింది.

"ఐలయ్యా, ఇది ఆటోలో ఉందా?"

"ఎప్పటికి ఆటోనే. నిగారింపు గూడ పెట్టిన. నా కెమెరా ఎవల్నీ నల్లగ చూపియ్యదు పుష్పక్కా."

అంటే వెలుగు తక్కువైతే అదే సర్దుకుని పెంచేస్తుంది. పెళ్ళికూతురి మొహానికి మంచిదే. కొలతకు పనికిరాదు. మా ఊళ్ళో పెళ్ళిచుక్కను చూసే పద్ధతీ, ఈ కెమెరా పద్ధతీ ఒకటేనని తోచి నవ్వొచ్చింది. ఏం చూపించినా బ్రహ్మాండంగా ఉందంటుంది. రాసిన ఉత్తరం చించేశాను.

గురువారం

మళ్ళీ మధ్యాహ్నం చీకటి, మళ్ళీ తిట్లు. ఈసారి కెమెరాలో ఆటో తీయించేశాను. లెన్స్ తెరుచుకునేది ఎంతో, షట్టర్ ఎంతసేపో, రంగు ఏమిటో అన్నీ చేత్తో బిగించాం, ఇక మధ్యలో ముట్టుకునేది లేదు. నిగారింపు తియ్యమంటే ఐలయ్య నగలు తాకట్టు పెట్టినంత బాధపడ్డాడు. షట్టర్ చురుగ్గా పెడితే ఫోటోలో ఎరుపూ ఆకుపచ్చా చారలు వచ్చాయి. కెమెరా చెడిపోయిందని లబోదిబోమన్నాడు. ప్రొజెక్టర్ లోపల రంగుల చక్రం తిరుగుతుంటుంది, షట్టర్‌ను నిదానంగా పెడితే అన్నీ కలిసిపోతాయి. కలిశాయి.

అయినా కెమెరాను నమ్మడానికి లేదు. వెలుగు రెట్టింపైతే అది చూపించే అంకె రెట్టింపు కాదు. కంటికి ఇంపుగా ఉండాలని లోపల ఏదో సర్దుబాటు చేస్తుంది. అందుకని ముందు దాన్నే పరీక్షించాను. ఒకే దీపం, ఒకే గోడ, కదలకుండా. షట్టర్ సమయాన్ని సగం చేసుకుంటూ ఫోటోలు తీస్తూ పోయాం. ప్రతిసారీ లోపలికి వెళ్ళిన వెలుగు సగమైందని నాకు తెలుసు, కెమెరా ఏమందో రాసుకున్నాను. ఇప్పుడు అది ఎక్కడ ఎంత బొంకుతుందో నా దగ్గర పట్టిక ఉంది. ఎప్పుడూ ఒకే లెక్కలో బొంకేవాడితో హాయిగా పని చేసుకోవచ్చు. పూటకో రకంగా బొంకేవాడితోనే కష్టం.

ఆ తర్వాత కప్పు మీది చదరాలు. పైమెట్లకు ఒక షట్టర్, చీకటి మెట్లకు ఇంకా ఎక్కువసేపు తెరిచి ఉంచే మరొకటి. లెక్కలు కట్టేసరికి నా నడుము పడిపోయింది. ఇరవై ఒకటి నుంచి పైకి అన్నీ బాగానే ఉన్నాయి. ఇరవై, పంతొమ్మిది, పద్దెనిమిది, అలా సున్నా వరకూ అన్నీ ఒకటే నలుపు. మెట్లు లేవు. నున్నగా చెక్కేసిన గోడ.

పద్నాలుగో మెట్టు మీద అరుంధతి ఉంది. పద్నాలుగో మెట్టే లేదు.

ఎందుకిలా అయిందని పాత ఆపరేటర్ మొండయ్య బాబాయిని అడిగాను. ఆయన పక్క మీదనుంచి లేవకుండానే గర్వంగా చెప్పాడు. పన్నెండేళ్ళ కిందట రాత్రి బూడిదరంగులో ఉందని పెద్దలు గోల పెట్టారట. "బొగ్గుబావిల రాత్రి నల్లగ లేకుంటే ఇజ్జత్ పోదా బిడ్డా?" ఒక బొగ్గుపెళ్ళను కర్రకు కట్టి కప్పు దగ్గరికెత్తి, పెళ్ళ ఏదో ఆకాశం ఏదో తెలియనంత వరకూ ప్రొజెక్టర్ పట్టికలో కింది మెట్లన్నింటినీ నలుపులోకి తొక్కేశాడట. ఆ ఏడు వార్షికోత్సవంలో ఆయనకు శాలువా కూడా కప్పారు.

ప్రపంచంలో ఇంకెవరూ ఈ తప్పు చేసి ఉండరు. మేమే చేయగలం.

శుక్రవారం

కాగితాలు పట్టుకుని దామోదర్ రావు సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ముందు సంతోషించారు, ఆ పిల్ల కళ్ళు బాగున్నాయన్నమాట అన్నారు. తర్వాత మొహం మాడిపోయింది.

"అంటే, ఈ పన్నెండేండ్ల పెండ్లిళ్ళు?"

ఐలయ్య ఆల్బమ్‌లు నిన్ననే తిరగేశాను. అన్ని ఫోటోల్లోనూ పెళ్ళికొడుకు వేలెత్తి చూపిస్తున్నాడు, పెళ్ళికూతురు మురిసిపోతూ చూస్తోంది. ఒక్కో జంట ఒక్కో దిక్కుకు చూస్తోంది. ఒకాయన నీళ్ళ పైపును చూపిస్తున్నాడు. దామోదర్ రావు సార్‌ది రెండో పెళ్ళి, తొమ్మిదేళ్ళ కిందటిది. ఆయన వేలు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వైపుంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

"మొండయ్య పట్టిక ముట్టుకోకు పుష్పా, ఊరందరికి తెలుస్తది," అన్నారు. "ఒక పని చెయ్యి. రేపు ఒక్క సాయంత్రం ఆ ఒక్క చుక్కను పెద్దగ వెయ్యి. వందో మెట్టు మీద. అందరికి కనబడ్తది, గొడవ ఉండదు."

తెలివైన ఉపాయమే. స్పందనకు చెప్పాను.

"వందో మెట్టుదైతే అది అరుంధతి కాదు గదా అక్కా. ఏదో పెద్ద చుక్క కనవడ్డదని చెప్త."

చెబుతుంది కూడా. మొండిఘటం. విసుగేసింది, ఆ విసుగులోనే ఆమె అంటే ఇష్టం కూడా కలిగింది, దాచుకోవడమెందుకు. ఆకాశంలో లోపం కనబడితే మరమ్మతు చెయ్యడం ఆపరేటర్ విధి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని నా నియామకపత్రంలోనే ఉంది. మొండయ్య బాబాయి పట్టిక తీసేశాను. ప్రతి మెట్టుకూ కింది మెట్టుకంటే కాస్త ఎక్కువ వెలుగు వచ్చేలా కొత్తది కట్టాను. మళ్ళీ ఫోటోలు తీసి చూశాం. సున్నా, ఒకటి, రెండు, అన్నీ విడివిడిగా లేచి నిలబడ్డాయి. పద్నాలుగోది కూడా.

శనివారం

మైదానం నిండిపోయింది. సోమవారం బగారన్నానికి వచ్చినవాళ్ళకంటే ఎక్కువమంది వచ్చారు. రాత్రి బూడిదరంగులో ఉందని అప్పుడే పెద్దలు గొణుగుతున్నారు. ఒకాయన జేబులోంచి బొగ్గుపెళ్ళ తీసి పైకెత్తి చూపిస్తున్నాడు, చూడండి తేడా అని.

దామోదర్ రావు సార్ నావైపు ఒక చూపు చూసి, స్పందనను అడిగారు.

ఆమె తలెత్తింది. నా లెక్క తప్పి ఉంటే?

"కనవడ్డది సార్," అంది. "వసిష్ఠునికి ఆనుకోనే ఉంది. సన్నగ."

జనం ఊపిరి పీల్చుకున్నారు. భాగ్యమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. సార్ ఇక లాంఛనంగా రంజిత్‌వైపు తిరిగారు, తాళంచెవి అప్పటికే ఆయన చేతిలో ఉంది.

రంజిత్ ఈసారి వెంటనే అనలేదు. తల పూర్తిగా ఎత్తాడు. కళ్ళు నులుముకున్నాడు, మళ్ళీ చూశాడు. స్పందన అతన్నే చూస్తోంది.

"నాకు కనవడ్తలేదు సార్."

"ఏందయ్యా?"

"వసిష్ఠుడు మసకమసకగ ఉన్నడు. పక్కన ఏం లేదు నాకు. సోమారం గూడ లేకుండె. ఉత్తగనే అన్న."

భాగ్యమ్మ నోరు నొక్కుకుంది.

"నువ్వు ట్రాలీ డ్రైవర్వి," అన్నారు సార్, గొంతు తగ్గించి. "ఏం అంటున్నవో తెలుస్తుందా నీకు?"

"తెలుసు సార్. ట్రాలీ పోతది."

స్పందన నవ్వింది. వారంరోజుల్లో ఆ పిల్ల నవ్వగా చూడటం అదే మొదలు. నలుగురూ చూస్తుండగానే వెళ్ళి రంజిత్ చెయ్యి పట్టుకుంది.

"కనవడలేదనే రాయుండ్రి సార్. నేను ఈయన్నే చేసుకుంట. సోమారం కొంచెం అనుమానముండె, ఇప్పుడు లేదు."

"ఇద్దరికి కనబడాలె. రూలు. గది రాదు."

"గది రాకుంటే మానె. మా అమ్మోల్లింట్ల ఉంటం."

సార్ తాళంచెవి జేబులో పెట్టుకోబోయారు. అప్పుడు ముందు వరుసలో కూర్చున్న ఆయన భార్య స్నేహలత, కూరలో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అంది.

"ఏమండీ, మనకు మాత్రం ఎక్కడ కనబడ్డది? మీరు నా చెయ్యి గిల్లితేనే గదా నేను కనబడ్డదన్నది."

మైదానంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొకామె, తన మొగుడు కాలు తొక్కితేనే అన్నానని చెప్పింది. నీళ్ళ పైపు చూపించిన పెద్దమనిషి, నేను చూపించింది పైపే అని ఒప్పుకున్నాడు. ఐలయ్య ఏం చెయ్యాలో తోచక ఫోటోలు తీస్తూనే ఉన్నాడు.

దామోదర్ రావు సార్ మొహం కందగడ్డలా అయింది. చాలాసేపు తలెత్తి కప్పుకేసి చూశారు. ఏం కనబడిందో, కనబడలేదో చెప్పలేదు. జేబులోంచి తాళంచెవి తీసి రంజిత్ చేతిలో పెట్టారు. ఏ రూలు కింద ఇచ్చారో ఎవరూ అడగలేదు.

బుధవారం

రంజిత్‌కు కళ్ళజోడు వచ్చింది, ట్రాలీ ఉంది. కంటి డాక్టర్ దగ్గర మాత్రం క్యూ మైదానందాకా వచ్చింది. ఊళ్ళో సగంమందికి చూపు తక్కువని ఇప్పుడు తెలిసింది. అద్దాలు చాలడం లేదు, దయచేసి రాత్రిని మళ్ళీ మునుపటిలా నల్లగా చెయ్యండి అని డాక్టరే నాకు ఉత్తరం రాశాడు. పెద్దల ఉత్తరం కూడా అదే కోరుతోంది, కారణమే వేరు. ఇద్దరికీ అర్జీ అందిందని జవాబిచ్చాను.

సాయంత్రం స్పందన డబ్బాలో సేమియా పాయసం తెచ్చింది. ఇద్దరం బయట బెంచీ మీద కూర్చున్నాం. పాయసంలో చక్కెర ఎక్కువైంది, కొత్త కాపురం కదా అని ఊరుకున్నాను. ఆమె తలెత్తి చూసి, మామూలుగా అడిగింది.

"అక్కా, నీకు కనవడ్తుందా?"

నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పెళ్ళి చేసుకోలేదు కదా, అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. పన్నెండేళ్ళుగా అది కప్పు మీద లేదు. అంతకుముందు నేను పట్టించుకోలేదు. ఈ వారమంతా చూసింది కెమెరా, నేను చూసింది అంకెలు. తలెత్తాను. వసిష్ఠుడున్నాడు, చుట్టూ కొంచెం పీచుపీచుగా. పక్కన ఏమీ లేదు. కళ్ళు చికిలించాను. అయినా లేదు.

ఆ క్షణంలో కనబడిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎంత సులువుగా వచ్చిందో చూస్తే నాకే సిగ్గేసింది.

"లేదే," అన్నాను.

ఆమె పాయసం ఇంకో గరిటె వేసింది.

ఆకాశం నడిపే మనిషికి అరుంధతి కనబడదు. డ్యూటీ లాగ్‌లో ఈ మాట రాస్తే రేపు ఈ కుర్చీలో నేను ఉంటానో లేదో తెలియదు. భయంగానే ఉంది. రాశాను.